మంచుబండి మీద గీత

తుందుప్‌కి వచ్చిన కష్టం ఏమిటంటే, బండి బాగైపోయింది. బాగైన బండిని ఎవరు ముట్టుకుని ఏం చేస్తారోనని అతనికి తిండి సయించడం లేదు.

అది మంచు మీద నడిచే బండి. ముందు రెండు పొడవాటి పట్టీలు జారుతుంటే, వెనక వెడల్పాటి రబ్బరు పట్టా తిరుగుతూ తోస్తుంది. కింద పట్నంలో పర్యాటకుల్ని తిప్పే దుకాణం ఒకటి మూతపడుతూ, ఇరవై ఏళ్లు వాడేసిన ఆ బండిని కొండమీది మఠానికి దానమిచ్చింది. లారీలోంచి దించగానే ఊళ్లో ముప్పై ఇళ్లవాళ్లూ వచ్చి ముప్పై రకాలుగా పెదవి విరిచారు. చచ్చిన జడలబర్రెకి ఇంతకన్నా కళ ఉంటుందని దిస్కిత్ అవ్వ అంది. అవ్వ దేన్నీ తొందరపడి మెచ్చుకోదు, సొంత కొడుకుల్ని కూడా.

కాని ఊరికి ఆ బండి కావాలి. మంచు పడితే కనుమ మూసుకుపోతుంది. కిందటి చలికాలం ఒకామెకి నొప్పులొస్తే, ఇంటి తలుపు ఊడదీసి, దాని మీద పడుకోబెట్టి, ఎనిమిదిమంది రోడ్డుదాకా మోశారు. ఒకటిన్నర రోజు పట్టింది. ఆ తలుపుకి ఒక మూల పట్టింది తుందుపే. ఆమె బతికింది. బిడ్డ బతకలేదు. అన్నిటికీ ముప్పై మాటలు మాట్లాడే ఊరు ఆ విషయంలో ఒక్క మాటా మాట్లాడలేదు.

ఈ చలికాలం తుందుప్ అక్క ల్హామోకి నెలలు నిండుతాయి.

తుందుప్ భిక్షువు కాకముందు రెండేళ్లు లారీల షెడ్డులో పనిచేశాడు. మంత్రాల్లో కాస్త వెనకబడినా, నట్లు విప్పడంలో అతన్ని మించినవాడు మఠంలో లేడు. నట్లు విప్పే రెండోవాడే మఠంలో లేడు.

వేసవంతా విప్పాడు. గాలి పోయే పెట్టెలో ఎలుకలు గూడు పెట్టి ఉంటే, ప్రాణహింస తగదని గూటిని పిల్లలతో సహా గోధుమల గదిలోకి మార్చాడు. వంటాయన ఇప్పటికీ అతనితో మాట్లాడటం లేదు. ట్యాంకులో జిగురైపోయిన పాత పెట్రోలు పారబోశాడు. కార్బురేటర్ సన్న కన్నాలు జడలబర్రె తోక వెంట్రుకతో శుభ్రం చేశాడు. తుప్పంతా గీకి, చిరిగిన సీటుకి తన పాత అంగవస్త్రం కుట్టి, చివరికి ఎర్ర రంగు వేశాడు. తాడు లాగితే ఇంజను పలికింది. ఆ రోజు అతని మొహం బండికన్నా ఎక్కువ మెరిసింది.

ఆ తర్వాతే మనిషి మారాడు. బండి మీద దుప్పటి కప్పాడు. చుట్టూ తాడు కట్టాడు. చూడ్డానికి వచ్చినవాళ్లని చేతులు వెనక్కి కట్టుకుని చూడమన్నాడు.

"ఎక్కి కూర్చుంటే అరుగుతుందా?" అంది అవ్వ.

"గీత పడుతుంది అవ్వా."

అక్క మొగుడు రించెన్ కూడా ఒకసారి తాడు దాటబోయాడు. "బావా, నీ గాడిదే నీ మాట వినదు. దీని జోలికి రాకు," అన్నాడు తుందుప్. రించెన్ నవ్వేసి ఊరుకున్నాడు. గాడిద సంగతి నిజమే కనక, ఊరు కూడా నవ్వింది.

ఆ ఊళ్లో ఒక ఆచారం ఉంది. కొత్త కుండైనా, కొత్త తలుపైనా, కొత్త కోడలైనా పెద్దలు వేలితో కాస్త వెన్న అద్దాకే వాడుకలోకి వస్తుంది. కోడలి విషయంలో ఆ మాట వాడకూడదు గాని, అత్తలు అలాగే అంటారు.

మొదటి మంచు పడే ముందు తుందుప్ చిన్న గిన్నెలో వెన్న తీసుకుని గురువు దగ్గరికి వెళ్లాడు. గురువుని అక్కడ గెన్‌లా అంటారు.

"గెన్‌లా, బండి సిద్ధమైంది. వెన్న పెట్టాలి."

గెన్‌లా వచ్చారు. దుప్పటి తీసి చుట్టూ తిరిగి చూశారు. "బాగా చేశావు," అన్నారు. తర్వాత వంగి నేలమీంచి ఒక రాయి తీసుకుని, ఎర్ర రంగు మీద ఈ చివర నుంచి ఆ చివరిదాకా గీత గీశారు.

కీచుమన్న చప్పుడుకి అవ్వ ఇంట్లోంచి బయటికొచ్చింది.

"గెన్‌లా!" అని అరిచాడు తుందుప్.

"పాతవాటికి వెన్న పెట్టరు," అన్నారు గెన్‌లా. "దాచు. కొత్తది వచ్చినప్పుడు పెడదాం."

తుందుప్‌కి ఏమీ అర్థం కాలేదు. మర్నాడు వెళ్లి అడిగాడు.

"మమకారం వదులుకోమనా గెన్‌లా?"

"టీలో ఉప్పు తక్కువైంది," అన్నారు గెన్‌లా.

ఇంకో రోజు ఆగి అడిగాడు. "నా పనిలో లోపం ఉందా?"

"లేదే."

"మరి గీత?"

"ఇవాళ ఉప్పు ఎక్కువైంది."

తుందుప్ గిన్నెడు వెన్న చలిలో దాచి, చెంచాడు ఎర్ర రంగు డబ్బాలో దాచి, గెన్‌లా ఎప్పుడు సరేనంటే అప్పుడు గీత పూడ్చేద్దామని కూర్చున్నాడు. కోపంతో బండికి దుప్పటి కప్పడం మానేశాడు. తాడు కూడా ఎవరో మేకకి పట్టుకుపోయారు.

గీత పడ్డ బండి అంటే ఊరికి భయం పోయింది. అవ్వ దాని మీద కూర్చుని ఉన్ని వడికింది. మంచు పడగానే రించెన్ ఎక్కి, నేరుగా పిడకల గోడకి కొట్టాడు. ఇంకో గీత పడింది. "అలా కాదు బావా, ముందు వేగం తగ్గించు!" అని తుందుప్ కిటికీలోంచి అరిచాడు. అరిచీ అరిచీ విసిగి, కిందికి దిగి చూపించాడు. ఇంజను తాడు మూడుసార్లు మెల్లిగా, నాలుగోసారి గట్టిగా లాగాలని అవ్వకి పదిసార్లు చెప్పాడు. ప్రతి సాయంత్రం కొత్త గీతలు లెక్కపెట్టుకుని, గెన్‌లా గది వైపు చూసి, అర్థం కాక పడుకునేవాడు.

చలి ముదిరింది. మఠం కప్పు మీద మంచు తోస్తూ తుందుప్ జారిపడ్డాడు. మడమ వాచి, కాలు బూటులోకి దూరలేదు.

మూడో రోజు మధ్యాహ్నం, మంచం మీద ఉండగా, కింద ఇంజను దగ్గింది. ఒకసారి. రెండుసార్లు. మూడు.

"ఎవరది నా బండి..." అంటూ గోడ పట్టుకుని కిటికీదాకా కుంటుకుంటూ వెళ్లాడు.

అవ్వ తాడు లాగుతోంది. నాలుగోది గట్టిగా. బండి మీద రించెన్. వెనక కట్టిన చెక్కబండి మీద, కంబళ్లలో చుట్టిన అక్క. ఆమె పిడికిలి కంబళి అంచుని పట్టుకుని ఉంది.

"బావా, వేగం..." అని అరిచాడు. ఎవరికీ వినబడలేదు. రించెన్ ముందే వేగం తగ్గించాడు. పిడకల గోడ దగ్గర చక్కగా తిప్పి, కనుమ వైపు పోనిచ్చాడు. ఎర్ర చుక్క కనబడినంతసేపూ తుందుప్ ఒంటికాలి మీద నిలబడ్డాడు.

పన్నెండు రోజులు ఏ కబురూ లేదు. ఊరు ఆ పన్నెండు రోజులూ గొంతు తగ్గించి మాట్లాడుకుంది. అవ్వ దేనికీ వంక పెట్టలేదు. అది ఇంకా భయం.

పదమూడో రోజు పొద్దున్న బండి వచ్చింది. రించెన్ మీసాలకి మంచు. వెనక ల్హామో. ఆమె కోటులోంచి ఒక చిన్న టోపీ కనబడుతోంది.

తుందుప్ కుంటుకుంటూ గిన్నెతో దిగాడు. గెన్‌లా అప్పటికే వాకిట్లో ఉన్నారు.

"ఏమైనా కొత్తది వచ్చిందా?" అన్నారు.

తుందుప్ బండి పక్కనుంచి వెళ్లి, అక్క ముందు వంగి, టోపీ కాస్త జరిపి, వేలితో వెన్న అద్దాడు. చల్లటి వెన్న తగలగానే బిడ్డ కెవ్వుమంది. గొంతు తండ్రిది కాదు, గట్టిదేనని అవ్వ మెచ్చుకుంది.

"ఆ గీతకి రంగు వేసుకుంటావా ఇప్పుడు?" అని అడిగారు గెన్‌లా.

తుందుప్ డబ్బా తెచ్చుకున్నాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి చూసి, మళ్లీ తిరిగాడు.

"ఏ గీతకి, గెన్‌లా?"