ఒట్టి చేతులతో వచ్చిన తాత

అనగనగా ఒక అడవిలో, ఇప్పచెట్లు ఎక్కువా మనుషుల అలికిడి తక్కువా ఉన్న చోట, ముత్తెన్న అనే ఉడత తాత ఉండేవాడు.

తాతంటే మరీ ముసలివాడేం కాదు. ఈ కొమ్మమీంచి ఆ కొమ్మమీదికి ఇంకా దూకగలడు. కాకపోతే దూకేముందు ఒకసారి కిందికి చూసుకుంటాడు, దూకాక ఒకసారి నడుం పట్టుకుంటాడు. అంతే తేడా.

ఆయనకు ఒక్కతే కూతురు. పేరు సూరమ్మ. పక్క చెట్టు తొర్రలో కాపురం. ఆ ఏడు చలికాలంలో సూరమ్మ మొగుణ్ణి డేగ ఎత్తుకుపోయింది. పట్టపగలే తన్నుకుపోయింది. సూరమ్మ కొడుకు పిసరుగాడు అప్పుడే తొర్రలోంచి తల బయటపెట్టడం నేర్చుకున్నాడు. పాపం, వాడు నేర్చుకున్నాక మొదట చూసింది అదే.

ఆ రోజు నుంచి వాడు నవ్వలేదు. ఆడుకోమంటే ఆడుకోడు. పిలిస్తే పలకడు. తొర్రలో ఓ మూల ముడుచుకుని తోక నోట్లో పెట్టుకుని పడుకునేవాడు.

ముత్తెన్న తాత రోజూ సాయంత్రం మనవణ్ణి చూడ్డానికి వెళ్ళేవాడు. ఆ అడవి ఉడతల్లో ఒక మర్యాద ఉంది. మనలోనూ ఉంది లెండి. పిల్లలున్న ఇంటికి ఒట్టి చేతులతో వెళ్ళకూడదు. అందుకని తాత ఒకనాడు రేగుపండు తీసుకెళ్ళాడు. పిసరుగాడు చూడలేదు. ఇంకోనాడు లేత చింతచిగురు తీసుకెళ్ళాడు. వాసన కూడా చూడలేదు. మూడోనాడు ఏం తీసుకెళ్ళాలో తోచక, అడవి అంచుదాకా నడిచాడు.

అడవి అంచున చెరకుతోట. తోటలో బెల్లం వండే కొట్టం. మనుషులు చెరకు రసాన్ని పెద్ద పెనంలో మరగబెట్టి, పాకమయ్యాక వెడల్పాటి చెక్కపళ్ళెంలో పోసి ఆరబెడుతున్నారు. పళ్ళెం అంచుకు మెత్తటి బెల్లం అంటుకుని ఉంది. తాత కాస్త గీకి, మోదుగాకులో చుట్టి, నోట కరుచుకుని ఒకటే పరుగు.

ఇంకా గోరువెచ్చగా ఉన్న ఆ బెల్లాన్ని పిసరుగాడి మూతికి రాశాడు. వాడు నాకాడు. మళ్ళీ నాకాడు. తర్వాత తాత మొహంలోకి చూసి నవ్వాడు.

సూరమ్మ ఆ నవ్వు చూసి వెనక్కి తిరిగి కళ్ళు తుడుచుకుంది. తాతకైతే పోయిన అల్లుడే తిరిగొచ్చినట్టయింది.

మరి అలాంటి నవ్వు చూశాక ఏ తాత ఊరుకుంటాడు చెప్పండి? మర్నాడూ బెల్లమే. ఆ మర్నాడూ బెల్లమే. కొట్టంలో పొయ్యి వెలిగిన ప్రతి రోజూ బెల్లమే. సాయంత్రం అయ్యేసరికి పిసరుగాడు కొమ్మ చివర కూచుని, "తాత వస్తున్నాడు, తాత వస్తున్నాడు" అని అరిచేవాడు. ఆ అరుపు వినడానికే తాత పొద్దున్నే లేచేవాడు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మన పళ్ళు ఒకసారి వచ్చాక అక్కడే ఆగుతాయి. ఉడత పళ్ళు అలా కాదు. మన గోళ్ళలాగా రోజూ పెరుగుతూనే ఉంటాయి. మనం గోళ్ళు తీసుకుంటాం. ఉడతలు పళ్ళను ఏం చేస్తాయి? గట్టి గింజలు కొరికి అరగదీసుకుంటాయి. అందుకే ఉడత తల్లులు పొద్దున లేవగానే పిల్లల చేతిలో రేగుగింజో తానికాయో పెడతారు. అది కొరికాకే మరో మాట.

సూరమ్మ కూడా పెట్టేది. పిసరుగాడు మూతి తిప్పుకునేవాడు.

"చప్పగా ఉందమ్మా."

"చప్పగా ఉన్నా కొరకాలి నాయనా. నీ ఈడు పిల్లలంతా కొరుకుతున్నారు చూడు."

"వాళ్ళకు బెల్లం తెచ్చే తాత లేడు, అందుకని కొరుకుతున్నారు" అనేవాడు.

చూశారా, ఎంత జవాబో. ఈ ముక్క తాత చెవిన పడితే మురిసిపోయి చెట్టు చెట్టుకీ చెప్పుకున్నాడు.

నెల తిరిగింది. పిసరుగాడి పొట్ట ముందుకొచ్చింది. ఒక కొమ్మ ఎక్కితే రెండు కొమ్మలంత ఆయాసం. తోటి పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే వీడు మధ్యలో కూచుని బిళ్ళ అయ్యేవాడు. పళ్ళు పొడుగయ్యాయి. పెదవి మూస్తే బయటికి కనబడుతున్నాయి.

వడ్రంగిపిట్ట కొండయ్య ముందుగా చూశాడు. అతను తాతకు వరసకు బావ. నోరు ఊరుకోదు, ముక్కూ ఊరుకోదు.

"ఏం బావా, మనవడికి దంతాలు పెంచుతున్నావు? ఏనుగులవారింటికి అల్లుడిగా పంపుతావా ఏంటి?"

"మావాడిది బలమైన పన్ను బావా. వంశంలోనే ఉంది" అన్నాడు తాత.

"బలం సరే. నోరు మూసుకోమను చూద్దాం."

తాత ఆ మాటకు కోపం తెచ్చుకుని నాలుగు రోజులు కొండయ్యతో మాట్లాడలేదు.

ఆ నాలుగు రోజుల్లోనే సూరమ్మ తండ్రిని పక్కకు పిలిచింది.

"నాన్నా, రేపటి నుంచి నువ్వు ఒట్టి చేతులతో రా."

తాత తెల్లబోయాడు. "అదేం మాటమ్మా? పిల్లాడున్న ఇంటికి ఒట్టి చేతులతో వస్తారా? నేనేమన్నా పరాయివాణ్ణా?"

"వాడు గింజ ముట్టడం లేదు. ఆకు ముట్టడం లేదు. నువ్వు వచ్చేదాకా పస్తుంటాడు, వచ్చాక బెల్లం తింటాడు. పళ్ళు చూశావా?"

"తండ్రి లేని పిల్లాడమ్మా."

"తండ్రి లేడు కాబట్టే భయపడుతున్నా నాన్నా. నాకింక వీడొక్కడే."

 తాత సరేనన్నాడు. మనవడి తల మీద చెయ్యి పెట్టి, రేపటి నుంచి తేనని మాటిచ్చాడు.

మర్నాడు సాయంత్రం నిజంగానే ఏమీ తేలేదు. పిసరుగాడు కొమ్మ చివరినుంచి పరుగెత్తుకొచ్చి తాత నోటివంక చూశాడు. చేతులు చూశాడు. వెనక్కి వెళ్ళి వెనక కూడా చూశాడు. ఏమీ లేదు. వాడు ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. మెల్లగా తొర్రలోకి పోయి, మూల ముడుచుకుని, తోక నోట్లో పెట్టుకున్నాడు.

తాత అది చూస్తూ కూచోలేకపోయాడు. సూరమ్మ నీళ్ళకు దిగిన వేళ చూసి, గబగబా తన తొర్రకు పోయి, దాచుకున్న బెల్లం పెచ్చు పట్టుకొచ్చాడు.

"మీ అమ్మకు చెప్పకేం" అన్నాడు.

పిసరుగాడు తల ఊపి నవ్వాడు.

అదే, పిల్లలూ, ఆ ఒక్క మాటే కొంప ముంచింది. అంతకుముందు తెలియక పెట్టాడు, ఇప్పుడు తెలిసి పెట్టాడు. ఆ రోజు నుంచి బెల్లం చెట్టు వెనక నడిచింది. తల్లికి తెలియకుండా తినే తీపికి లెక్కా పత్రం ఉండదు. మునుపటికన్నా ఎక్కువే తిన్నాడు.

ఇంకో నెలకు పిసరుగాడి కింది పళ్ళు ముక్కుదాకా లేచాయి. పై పళ్ళు లోపలికి వంకర తిరిగాయి. నోరు మూతపడదు. చొంగ కారి గుండె మీద బొచ్చంతా తడిసిపోయింది. ఇప్పుడు గింజ కొరుకుదామన్నా కొరకలేడు, ఆకు నమలలేడు. బెల్లం కూడా నాకలేడు. తాత వేలితో తీసి నాలుక మీద పెడితే గుటక పడక బయటికొచ్చేది. రెండు నెలల పొట్ట వారంలో కరిగిపోయింది. ఎముకలు లెక్కపెట్టచ్చు.

అలా ఉన్న పిల్లాడు ఒకనాడు మోదుగాకు పొట్లం చూసి, నోరు తెరుచుకునే ఉన్నా నవ్వబోయాడు. తాత ఆ నవ్వు చూశాడు. పొట్లం చేతిలోంచి జారి కిందపడింది. అప్పుడు తెలిసింది ఆయనకు తను ఏం చేశాడో.

సూరమ్మ దగ్గరికి వెళ్ళి అంతా చెప్పేశాడు. ఆమె గబుక్కున లేచింది. కొడుకును మెడ దగ్గర పట్టుకుని చెట్టు దిగింది. తాత వెనకాలే దిగాడు.

పొద్దుగూకే వేళకు ముగ్గురూ రాళ్ళగుట్ట దగ్గరికి చేరారు. అక్కడ ఒక ఏదుపంది ముసలమ్మ ఉంటుంది. పేరు అక్కమ్మ. ఒళ్ళంతా ముళ్ళు, మాటనిండా ముళ్ళు. ఆమెవీ పెరిగే పళ్ళే. రాలిపడిన దుప్పి కొమ్ములు కొరికి అరగదీసుకుంటుంది. పళ్ళ సంగతి ఆమెకు తెలిసినంతగా ఆ అడవిలో ఎవరికీ తెలియదు.

అక్కమ్మ పిల్లాడి నోరు చూసింది. తర్వాత తాతను చూసింది.

"బెల్లమా?"

"అవునక్కా."

"ఎవరు పెట్టారు?"

"నేనే."

"ముద్దుతో పెట్టావు. చూడు, నోరు తెరిచే చావబోతున్నాడు."

సూరమ్మ పిల్లాణ్ణి గట్టిగా పట్టుకుంది. అక్కమ్మ ఒక్కో పన్నూ పట్టి, పెరిగిన మేర కొరికింది. ఠక్కుమని ఒకటి. ఠక్కుమని ఇంకొకటి. నాలుగు పళ్ళు కొరికేసరికి చిగుళ్ళలోంచి రక్తం వచ్చింది. పిసరుగాడు "తాతా, తాతా" అని ఏడ్చాడు. తాత చెవులు మూసుకోలేదు. అదొక్కటే ఆయన చేసిన మంచిపని ఆ సాయంత్రం.

"ఇదిగో వినండి" అంది అక్కమ్మ. "పళ్ళు మళ్ళీ పెరుగుతాయి. ఈసారి వంకర తిరిగితే పైది దవడలోకి దిగుతుంది. అప్పుడు నా దగ్గరికి తేకండి, నావల్ల కాదు. తీపి ఒక్కరోజులో మానిపిస్తే వీడు తిండే మానేస్తాడు. రోజూ ఇచ్చేదాంట్లో రేపు సగం ఇవ్వండి. నాలుగు రోజులకు అందులో సగం. గింజ కొరికాకే అదైనా. ముందు నానిన గింజ, తర్వాత పచ్చిది, ఆ తర్వాత ఎండుది. పూట తప్పకూడదు. అలవాటు చేసిన చెయ్యే మానిపించాలి. తల్లి పెడితే తాత కోసం చూస్తాడు."

"వాడు నన్ను చూడనంటే?" అన్నాడు తాత.

"అననీ. నీ ముద్దు ముఖ్యమా, వాడి పళ్ళు ముఖ్యమా?"

మర్నాడు తాత నానిన రేగుగింజ తీసుకెళ్ళాడు. బెల్లం సగమే. పిసరుగాడు బెల్లం వైపు చెయ్యి చాచాడు.

"ముందు గింజరా కన్నా" అన్నాడు తాత.

వాడు గింజ తీసుకుని కిందికి విసిరేశాడు. తాత చెట్టు దిగి, వెతికి తెచ్చి మళ్ళీ చేతిలో పెట్టాడు. మళ్ళీ విసిరాడు. ఆ సాయంత్రం తాత పదకొండుసార్లు చెట్టు దిగాడు. పన్నెండోసారి వాడు పుల్లతో గీసినట్టు పంటితో కాస్త గీకాడు.

నాలుగో రోజు బెల్లం పావు అయింది. ఆ రోజు పిసరుగాడు గింజను కాదు, తాత చేతిని కొరికాడు. తాత చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "కొరకరా, ఏదో ఒకటి కొరుకు" అన్నాడు. సూరమ్మ నవ్వబోయి ఏడ్చింది.

ఎనిమిదో రోజు బెల్లం గోరంత. పిసరుగాడు తాతకు వీపు తిప్పి కూచున్నాడు.

"నువ్వు రాకు తాతా. నువ్వు మంచోడివి కాదు."

తాతకు కొమ్మ ఊగినట్టయింది. లేచి వెళ్ళిపోదామనుకున్నాడు. వెళ్ళలేదు. అక్కడే కూచుని, తనూ ఒక ఎండు గింజ తీసి కొరకడం మొదలుపెట్టాడు. కటకట, కటకట. ఎంతసేపు కొరికాడో. చీకటి పడబోతుండగా వీపు అవతల నుంచి ఇంకో చప్పుడు వినబడింది. సన్నగా, అడ్డదిడ్డంగా. తాత తల తిప్పి చూడలేదు.

కొట్టంలో పొయ్యి ఆరిపోయింది. చెరకు అయిపోయింది. తొలకరి వానలు పడ్డాయి. పిసరుగాడు ఎండు గింజ కొరుకుతున్నాడు, లేత ఆకులు తింటున్నాడు, కొమ్మలెక్కుతున్నాడు. ఎడమపక్క పై పన్ను మాత్రం వంకరగానే నిలిచిపోయింది. మరీ గట్టి తానికాయ వాడి పంటికి లొంగదు. ఎన్నేళ్ళొచ్చినా ఎవరో ఒకరు పగలగొట్టి ఇవ్వాల్సిందే. అది మాత్రం దిద్దుకోలేదు.

ఇంకొకటీ దిద్దుకోలేదు. సాయంత్రాలు కొమ్మ చివర ఎవరూ కూచోవడం లేదు. తాత వస్తే పిసరుగాడు ఆట ఆపడు. పిలిస్తే పలుకుతాడు, దూరం నుంచే.

"కోపం పోతుంది నాన్నా, చిన్నవాడు" అంది సూరమ్మ.

"పోకపోయినా ఫరవాలేదమ్మా. తింటున్నాడుగా" అన్నాడు తాత. అంటూనే ఖాళీగా ఉన్న కొమ్మ చివరకేసి చూశాడు.

ఒకనాడు జడివాన. తాత తన తొర్ర గుమ్మంలో ఒంటరిగా కూచుని గింజ కొరుకుతున్నాడు. తడిసిన పిసరుగాడు వచ్చి పక్కన కూచున్నాడు. తాత వైపు చూడలేదు. కాసేపయ్యాక ఒక తానికాయ తీసి, రెండుసార్లు కొరికి చూసి, చేతకాక తాత ముందు పెట్టాడు.

తాత దాన్ని పగలగొట్టి ఇచ్చాడు. వాడు పప్పు తిన్నాడు. వాన వెలిసేదాకా ఇద్దరూ అలాగే కూచున్నారు.

నీతి: తీపి ఎప్పుడో ఒకనాడైతే ముద్దు, రోజూ అయితే ముప్పు, బిడ్డ అలకకు జడిసి తీపి పెట్టేవాడికన్నా, ఆ అలకను మోస్తూ మంచి తిండి అలవాటు చేసేవాడే అసలైన పెద్దదిక్కు.