పక్షులకు పెట్టిన చీర

ఇంకాస్త ముందుకు జరిగి కూర్చోండి నాయనా. స్తంభం పక్కనున్న తల్లులు కూడా ఇటు రండి, నా గొంతు అంత దూరం రాదు. స్వామి దయవల్ల గాలి చల్లగా ఉంది, ఎవరికీ తొందర పనులున్నట్టు లేవు. మా పెద్దస్వామివారు చెప్పిన ఒక సంగతి మీ చెవిన వేస్తాను.

పెద్దస్వామివారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న వేస్తే జవాబు చెప్పేవారు కాదు. ఎక్కడో జరిగిన ముచ్చట ఒకటి చెప్పి ఊరుకునేవారు. ఒక ఏడు మా ఆశ్రమం వెనక కొండమీదున్న పాత మండపాలనూ నీటి ఊటలనూ పరిశీలించి రాయాలని తలపెట్టాం. ఆ పని శేషగిరికి అప్పగించారు. శేషగిరి కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం మానుకుని వచ్చిన శిష్యుడు. స్వామివారి షరతు ఒక్కటే: కింద ఊరివాళ్ళనూ బడిపిల్లలనూ వెంటబెట్టుకుని చెయ్యాలి. శేషగిరికి అది మింగుడు పడలేదు. స్వామివారు మొక్కలకి నీళ్ళు పోస్తుంటే వెళ్ళి అడిగేశాడు.

"స్వామీ, తెలిసినవాళ్ళం మనమే వెళ్ళి చూసి, తేలిన నిజం వాళ్ళకి చెబితే సరిపోదా? వాళ్ళందరినీ వెంట తిప్పితే నెలల పని ఏళ్ళు పడుతుంది."

"పడుతుంది" అన్నారు స్వామివారు. చెంబు పక్కన పెట్టి, అరుగుమీద కూర్చుని, చెప్పడం మొదలుపెట్టారు.

సముద్రానికి దగ్గర్లో, ఏడాదిలో సగం రోజులు నీళ్ళు నిలిచే తంపర భూముల పక్కన ఒక ఊరు ఉంది. వానలు వెనకబట్టాక ఎక్కడినుంచో గూడబాతులూ కొంగలూ వచ్చి, ఆ ఊరి చింతచెట్లమీద గూళ్ళు కట్టి, గుడ్లు పొదిగి పిల్లల్ని లేపి, ఎండలు ముదిరేలోగా వెళ్ళిపోతాయి. ఊరివాళ్ళ లెక్కలో అవి పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపడుచులు. అవి ఉన్నన్నాళ్ళూ ఆ చెట్ల దాపున పెళ్ళిమేళం కూడా మోగనివ్వరు. ఇంటికొచ్చిన ఆడపిల్లకి చీర పెట్టకుండా ఎలా? అందుకని పక్షులు వాలగానే ఇంటికొక చీర తెచ్చి, పసుపు రాసి, చింతకొమ్మకి కడతారు.

అందరికంటే ముందు కట్టేది అసిరమ్మ అనే ముసలామె. ఆమెకి ఒక్కతే కూతురు. పురిటికి తీసుకొద్దామని బండి కట్టించుకుని వెళ్ళేసరికి ఆ పిల్ల అత్తవారింట్లోనే కన్నుమూసింది. ఆమెకోసం కొన్న చీర అసిరమ్మ చెట్టుకి కట్టింది. అప్పటినుంచి ఏటా ఒకటి కడుతూనే ఉంది. పూర్వం అందరూ నేతచీరలు కట్టేవారు. తరవాత సంతలోకి చవగ్గా, మెరుస్తూ నైలాను చీరలొచ్చాయి. అవి కట్టసాగారు.

కొన్నేళ్ళకి గూళ్ళలోని పిల్లలు చావడం ఎక్కువైంది, వచ్చే పక్షులు తగ్గాయి. మృణాళిని అనే పరిశోధకురాలు వచ్చి, గూళ్ళు కట్టినప్పటినుంచి ఖాళీ అయ్యేదాకా దుర్భిణితో చూసి, కారణం పట్టుకుంది. చిరిగిన చీరల దారాలు పక్షులు ముక్కున కరుచుకుపోయి గూట్లో పరుస్తున్నాయి. నూలుదారం నాని తెగిపోతుంది, నైలాను తెగదు. పిల్ల పెరిగేకొద్దీ కాలికి బిగుసుకుంటుంది. ఎగరబోయిన పిల్ల తలకిందులుగా వేలాడి చస్తుంది. మృణాళిని ఊరివాళ్ళని కూర్చోబెట్టి ఇదంతా విడమరచి చెప్పింది.

అసిరమ్మ నవ్వింది. "ఏటమ్మా, నువ్వలగంటావు? అది వలదారం. తంపరలో సేపలోళ్ళు పారేసిన వలముక్కలు. పుట్టినోరు ఎట్టిన సీర ఆడకూతుర్ని సంపెత్తాదేటి?"

ఊరంతా ఆమెవైపే ఉంది. మరుసటేడు మృణాళిని అధికారులకి చెప్పి, మనుషుల్ని పెట్టి, చెట్లకున్న చీరలన్నీ కోయించింది. ఆడపడుచు ఒంటిమీది బట్ట లాగినట్టు ఊరు బాధపడింది. మళ్ళీ చీరలు కట్టారు. ఈసారి రెట్టింపు కట్టారు, ఎవరి చేతికీ అందని పైకొమ్మలకి కట్టారు. ఆ ఏడు చచ్చినన్ని పిల్లలు ఎన్నడూ చావలేదు.

ఆ ఊరి బడిలో సింహాచలం మాస్టారని ఒకాయన ఉన్నాడు. పక్షులు వెళ్ళిపోయాక మృణాళిని దగ్గరికొచ్చి, "అమ్మా, ఖాళీ గూళ్ళు దింపిద్దాం. మా పిల్లలూ వాళ్ళ అమ్మమ్మలూ కలిసి విప్పుతారు. మీరు మాత్రం మాట్లాడకూడదు" అన్నాడు.

"మరి నేనేం చెయ్యాలి?"

"చాపలు పరవండి."

ఆమె పరిచింది. బడి ఆవరణలో పిల్లలు గూళ్ళు విప్పుతూ పుల్లలొకచోట, ఈకలొకచోట, దారాలొకచోట పోశారు. వేడుక చూద్దామని వచ్చిన ముసలమ్మలు ఉండబట్టలేక తామూ కూర్చున్నారు.

"ఒలే గౌరీ, ఈ గులాబీరంగు మీయమ్మ సీర కాదేటి?"

"మాయమ్మది కాదు మామ్మా, నీ కోడలిది. బేరమాడి బేరమాడి సంతంతా ఇసిగించేసింది కదా."

నవ్వుకున్నారు. వలదారం కూడా దొరికింది. అసిరమ్మ దాన్ని ఎత్తి చూపిస్తే మృణాళిని తల ఊపి, కుప్పలో వేరుగా పెట్టింది. దారాలు మాత్రం చీరలవే ఎక్కువ. కాసేపటికి నవ్వులు తగ్గాయి.

అప్పుడు అసిరమ్మ ఒడిలో ఉన్న గూటి అడుగున ఒక ముడి బయటపడింది. ఆకుపచ్చ దారం, చివర మామిడిపిందెల అంచుముక్క. ముడి మధ్య సన్నటి కాలి ఎముక. కూతురికి ఇష్టమైన రంగని అసిరమ్మ ఏటా ఆ ఆకుపచ్చనే వెతికి కొంటుందని అక్కడ తెలియనివాళ్ళు లేరు. మృణాళిని నోరు తెరవబోయి, మాస్టారి మొహం చూసి మానుకుంది.

అసిరమ్మ ఆ ముడి గోళ్ళతో విప్పబోయింది. రాలేదు. ఎవరో కత్తెర అందించారు, తీసుకోలేదు. చాలాసేపటికి ముడి వీడింది. ఎముకని కొంగున కట్టుకుని లేచింది.

"నిచ్చెన తెండొరే. ముందు నాది ఇప్పండి. కొయ్యకండి, ముడిప్పండి."

సాయంత్రానికి చెట్లమీద ఒక్క చీర లేదు. వచ్చే ఏడు ఆడపడుచులకి ఏం పెట్టాలో వాళ్ళే తేల్చుకున్నారు. పక్షులొచ్చే వేళకి ఇంటింటా ఎండుపుల్లలు ఏరి, పసుపునీళ్ళు చల్లి, చెట్లకింద పోశారు, ఇల్లు కట్టుకుంటారని. ఏ పక్షి ఏ పుల్ల ఎత్తుకుపోతోందో పిల్లలు చూసి మృణాళినికి చెప్పేవారు. ఆమె రాసుకునేది.

ఇంతవరకు చెప్పి స్వామివారు ఆగారు. శేషగిరి మళ్ళీ అడిగాడు.

"స్వామీ, మృణాళిని మొదటినుంచీ చెప్పింది నిజమేగా? వాళ్ళు కొత్తగా కనుక్కున్నదేముంది?"

స్వామివారు చెంబు అందుకుని లేచారు. "నిజమే నాయనా. ఆ నిజం ఆమె ఒక్కతిదిగా ఉన్న ఏడే పిల్లలు ఎక్కువ చచ్చాయి."

అమ్మలారా, అయ్యలారా, ఇందులో ఇంకేదీ మీకు గుర్తులేకపోయినా నాకు బాధలేదు. తాను ప్రేమతో వేసిన ముడిని తన గోళ్ళతోనే విప్పుకున్న ఆ తల్లి పని ఒక్కటీ మనసులో ఉంచుకోండి. మీకూ అలాంటి రోజొకటి వస్తే, అలాగే చెయ్యండి.