దెబ్బలేని కాలికి కట్టు

దస్తగిరికి కాలు ఒకచోట నిలవడం లేదు.

మోకాళ్ల నొప్పులకు అతను కాచిన కొత్త తైలం నిజంగా పనిచేస్తుందో లేదో, రోగులను కలుపుకుని పరీక్షించి చూడమని గురువు హకీం జలాల్ సాహెబ్ చెప్పాడు. ముప్పై మందితో మొదలైంది. నెల తిరిగేసరికి నలుగురు మిగిలారు. వాళ్లు కూడా రావడం మానేస్తే తైలం సంగతి ఎప్పటికీ తేలదు.

"అడక్కుండా చేశానా హజ్రత్?" అన్నాడు వైద్యశాల పెరట్లో అటూ ఇటూ తిరుగుతూ. "పొద్దున పూయాలా, సాయంత్రమా అని అడిగాను. వేడిగానా, చల్లగానా అనీ అడిగాను. నూటికి తొంభై మంది 'మీ ఇష్టం సామీ' అన్నవాళ్లే! ఇంకెలా కలుపుకోవాలి?"

"కూర్చుని చెప్పు బేటా. నిన్ను చూడలేక నా మెడ పట్టేస్తోంది."

దస్తగిరి కూర్చోలేదు. గిర్రున వెనక్కి తిరగబోయి, మందులు దంచే రోటికి కుడికాలు కొట్టుకున్నాడు. బొటనవేలి గోరు లేచి నెత్తురు కారింది. "యా అల్లా!" అంటూ కూలబడ్డాడు.

హకీం సాహెబ్ గుడ్డపట్టీ తెచ్చి, శిష్యుడి ఎడమకాలు ఒళ్లోకి లాక్కున్నాడు.

"హజ్రత్, అదీ..."

"ఉండు. కదలకు."

వేళ్ల దగ్గర్నుంచి మడమ దాకా, ఎక్కడా ముడత పడకుండా, ఎంతో ఓపిగ్గా కట్టు కట్టాడు. అప్పుడు తలెత్తి అడిగాడు. "ముడి పైకి వేయమంటావా, పక్కకా? నువ్వెలా అంటే అలాగే."

"ముడి సంగతి తర్వాత! దెబ్బ తగిలింది ఈ కాలికి!"

"అయ్యో, ముందే చెప్పొద్దూ?"

"మీరు చెప్పనిస్తే కదా..."

అంటూనే ఆగిపోయాడు దస్తగిరి.

పెద్దాయన మిగిలిన పట్టీ అతని చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయాడు.

దస్తగిరి వేలికి తానే పట్టీ చుట్టుకుని, కుంటుకుంటూ బయటికి వచ్చాడు. మిగిలిన నలుగురిలో ఒకతె, హుసేనమ్మ, వీధి అరుగు మీద కాళ్లు చాపుకుని ఉంది.

"తైలం తెచ్చినావా నాయనా?"

"లేదు పెద్దమ్మా. ఈ నొప్పితో నీకు అన్నిటికన్నా కష్టమైంది ఏది? మనం ఏది పరీక్ష చేయాలో నువ్వు చెప్పు."

హుసేనమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. కాళ్లు ముడుచుకుని, మెల్లగా పక్కకు జరిగింది.

"అట్లయితే కూర్చో. చానా ఉంది చెప్పేది."