నల్లకుండ మీద రేకులు

అనగనగా గోదారి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊరికి రాజు దూరం, పొయ్యి దగ్గర. తెల్లారేసరికి ప్రతి పెరట్లోనూ కొబ్బరాకు మంట లేచేది.

ఆ ఊళ్ళో పేరంటాలమ్మ అని ఒక ముసలావిడ ఉండేది. పూతరేకులు తియ్యడంలో ఆమెకి ఆమే సాటి. బియ్యప్పిండిని పాలలా పలచగా కలిపి, అందులో గుడ్డ ముంచి, మంట మీద బోర్లించిన కుండ వీపున ఒక్కసారి అలా లాగితే చాలు, ఉల్లిపొర లాంటి రేకు లేచి వచ్చేది. ఏటా రాజుగారి పట్టాభిషేకం రోజుకి ఆ ఇంటి నుంచి కోటకి ఒక బుట్ట రేకులు వెళ్ళాలి. అందుకు బదులుగా ఏటిగట్టు కొబ్బరితోట ఆ ఇంటిది. బుట్ట వెళ్ళని ఏడు తోట వెళ్ళిపోతుంది. కట్టడి అంతే.

ఒక ఏడు, వానలు వెనకబట్టాక, ముసలావిడ కుండ పగిలింది. అది ఆమె అత్తగారి నాటి కుండ. అప్పటికే ఆమెకి చూపు మసక, చెయ్యి వణుకు. కోడళ్ళిద్దర్నీ పిలిచింది.

"నా పని అయిపోయిందర్రా. చలికాలం దాటితే పట్టాభిషేకం. ఈలోగా మీలో ఒకరికి ఈ పని పట్టుబడాలి. లేదా, తోటకి ఓ దండం పెట్టుకోండి."

"పెద్దదాన్ని నేనుండగా తోట ఎలా పోతుంది అత్తయ్యా?" అంది పెద్దకోడలు జగదాంబ.

ఆ మాటకి ఊరంతా తలూపింది. జగదాంబ ముగ్గు వేస్తే గీత వంకర పోదు. పప్పు ఏరితే రాయి మిగలదు. తప్పు చెయ్యడమంటే ఏమిటో ఆమెకి తెలీదు. తెలీదు గనకే అదంటే భయం. చిన్నకోడలు పోలమ్మ సంగతి వేరు. ఆమె ముగ్గేస్తే కోళ్ళు కెలికినట్టుండేది.

కుమ్మరి సింహాద్రి కొత్త కుండ తెచ్చిచ్చాడు. జగదాంబ తలంటుకుని, బియ్యం మూడు నీళ్ళు కడిగి, పిండి మూడు గుడ్డల్లో వడగట్టి, పొయ్యి ముందు కూర్చుంది. గుడ్డ లాగింది. రేకు సగం లేచి, సగం కుండని పట్టుకుని, పర్రున చిరిగింది.

చూడ్డానికొచ్చిన పక్కింటి ఆడాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. జగదాంబకి చెవులు కాలాయి.

"కుండలోనే ఉంది లోపం," అని దాన్ని పెరట్లోకి దొర్లించేసింది.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. నాదేం పోయింది, ఇంకోటి చేసిస్తా," అన్నాడు సింహాద్రి.

రెండో కుండ వచ్చింది. దాని మీదా రేకు చిరిగింది. అంటుకున్న పిండి మాడి మరకైంది.

"కడక్కే తల్లీ," అంది అత్త. "నూనెగుడ్డతో తుడిచి మళ్ళీ లాగు. కొత్త కుండ రేకుని వదలదు. చిరగనీ. చిరిగినకొద్దీ కుండ నున్నబడుతుంది."

"మాడు కుండ మీద రాజుగారికి రేకులా? చాల్లెండి!"

జగదాంబ బూడిదా కొబ్బరిపీచూ పట్టుకుని కుండని కుమ్మరి ఇచ్చిననాటంత ఎర్రగా తోమింది. మర్నాడు చిరిగింది. మళ్ళీ తోమింది. కుండ రోజూ కొత్తదే, రేకు రోజూ చిరిగేదే. తోమగా తోమగా ఒకనాడు దాని వీపు బీటలు వారింది.

మూడో కుండని ఆమె పొయ్యి ఎక్కించనేలేదు. మేలైన బియ్యం రావాలంది. గాలి లేని రోజు రావాలంది. మంచి ముహూర్తం కుదరాలంది. కుండకి పసుపూ కుంకుమా పెట్టి అటకెక్కించింది. కుండకి పూజ జరిగింది, పని మాత్రం జరగలేదు.

పెరట్లోకి దొర్లించేసిన ఆ మొదటి కుండని పోలమ్మ తెచ్చుకుంది.

"లోపమున్న కుండే అది!" అంది జగదాంబ.

"నాలోనూ ఉందిగా అక్కా. జోడీ కుదిరింది."

రోజూ గేదె పాలు పితకడం అయ్యాక పోలమ్మ పెరట్లో పొయ్యి వెలిగించేది. రేకు చిరిగేది. నూనెగుడ్డతో తుడిచి మళ్ళీ లాగేది. చిరిగిన ముక్కల్ని పారెయ్యక బుట్టలో దాచేది.

"ఏవే పోలమ్మా, రేకులు తీస్తున్నావా, చేపలవల అల్లుతున్నావా?" అని పక్కింటావిడ గోడ మీంచి అడిగింది.

"వలే వదినా. కాస్త ఇలా వంగు, నీ నోరు పడుతుందేమో చూస్తాను."

ఒకనాడు పోలమ్మ రేకుని వెలుగుకి పట్టి తనలో తను అనుకోవడం జగదాంబ కిటికీలోంచి విన్నది. "నిన్న నడుం దగ్గర చిరిగింది. ఇవాళ అంచు దగ్గర. బాగుపడ్డట్టే."

చిరుగుల్లో మంచి చిరుగూ చెడ్డ చిరుగూనా! జగదాంబకి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎందుకో పెదవి దాటలేదు. తలెత్తి అటక కేసి చూసింది. కుండ ఎర్రగా, బొట్టు పెట్టుకుని, పెళ్ళికూతురులా కూర్చునుంది.

చలికాలం దాటింది. దివాణం మనిషి బండి కట్టుకుని వచ్చాడు. జగదాంబ కుండ దింపింది. బియ్యం మేలైనవే. గాలి లేదు. ముహూర్తం అమృతఘడియ. మొదటి రేకు అంటుకుంది. రెండోదీ అంటుకుంది. మూడోసారి గుడ్డే అంటుకుంది.

"ఏవమ్మా, బుట్ట ఉన్నట్టా లేనట్టా?" అన్నాడు దివాణం మనిషి. "లేదంటే చెప్పెయ్యండి. తోటలో పాతే హద్దురాళ్ళు బండిలోనే ఉన్నాయి."

జగదాంబకి తోట కళ్ళముందు తిరిగింది. తను ఆడిన మాట గుర్తొచ్చింది. పుట్టి బుద్ధెరిగాక ఎవర్నీ సాయం అడగని మనిషి, లేచి పెరటి గుమ్మం దాకా వెళ్ళింది.

"పోలీ... నీ కుండ..."

"రా అక్కా. పొయ్యి వెలిగే ఉంది."

పోలమ్మ కుండ గేదె వీపులా నల్లగా నిగనిగలాడుతోంది. గుడ్డ లాగింది. రేకు లేచింది. ఇంకోటి లేచింది. తర్వాతది చిరిగింది. జగదాంబకి గుండె ఆగినంత పనైంది. పోలమ్మ చెయ్యి మాత్రం ఆగలేదు. చిరిగినదాన్ని పక్కన పెట్టి, గుడ్డ ముంచి, మళ్ళీ లాగింది.

"ఈ పీలికలన్నీ రాజుగారికా?" అన్నాడు దివాణం మనిషి, ముక్కల బుట్ట చూసి.

"అవును నాయనా," అంది ముసలావిడ. "మడతకి పైన నిండు రేకు, లోపల చిరిగిన ముక్కలు. మా అత్త నాటి నుంచీ అంతే. ముక్కల్లేని మడత ఒట్టి డొల్ల."

జగదాంబ బుట్టలోని ముక్కల కేసి చూసింది. కాపురానికి వచ్చినప్పటి నుంచీ తింటున్న రేకులే. ఎప్పుడూ పై మడతే చూసింది, లోపలేముందో చూడలేదు. పోలమ్మ పక్కన కూర్చుని నెయ్యి రాసింది, బెల్లంపొడి చల్లింది, ముక్కలు పరిచింది, వంకర లేకుండా మడతలు పెట్టింది.

బుట్ట వెళ్ళింది, ఖాళీగా తిరిగొచ్చింది. దాంతో రాజుగారి మాట కూడా వచ్చింది: "పైది బాగుంది. లోపలిది ఇంకా బాగుంది." హద్దురాళ్ళు వచ్చిన బండిలోనే వెళ్ళిపోయాయి. తోట నిలిచింది.

మర్నాడు జగదాంబ అత్త దగ్గర కొచ్చింది. "ఇక మీదట పోలి కుండ మీద నేనూ..."

"దాని కుండ దానిది. నీ కుండని నువ్వు నల్లబరుచుకో."

జగదాంబ తన ఎర్రకుండ పొయ్యి మీద బోర్లించింది. గుడ్డ లాగింది. రేకు చిరిగింది. చెయ్యి అలవాటుగా బూడిద మీదికి పోయి, ఆగింది. వెనక్కొచ్చి నూనెగుడ్డ అందుకుంది.

"నడుం దగ్గర చిరిగింది!" అంది, పెరట్లోకి వినబడేలా.

"పోన్లే అక్కా, రేపటికి అంచుకొస్తుంది!" అంది పెరటి పొయ్యి దగ్గర్నుంచి పోలమ్మ.

కాబట్టి పిల్లలూ, చిరగని రేకు కోసం కాచుక్కూర్చుంటే కుండ ఎర్రగానే ఉండిపోతుంది. చిరిగినా లాగడం మాననివాళ్ళ కుండే నున్నబడి రేకుని వదులుతుంది.