రథశాల గచ్చు

అనగనగా తామ్రగిరి అని ఒక రాజ్యం. ఆ రాజ్యానికి ఒక రాజు, ఆ రాజుకి ఏడు రథాలు, ఆ ఏడు రథాలకీ ఒకటే శాల. రథాలకి బంగారు పూత. శాలలో నేలకి మాత్రం గుంటలు, దుమ్ము.

రాజు కీర్తివర్మకి అది నామోషీగా తోచింది. దండోరా వేయించాడు.

"రథశాలకి అద్దంలాంటి గచ్చు చెయ్యాలి. అది ఎన్నేళ్ళు నిలుస్తుందో పనివాడు ముందే చెప్పాలి. చెప్పినన్నేళ్ళు నిలవకపోతే వాడిక ఈ రాజ్యంలో తాపీ పట్టకూడదు."

ఊరి చివర కంబయ్య అనే ముసలి మేస్త్రి ఉన్నాడు. తాపీ పని తప్ప ఇంకో పని తెలియదు. దండోరా విన్నాడు, కదలలేదు.

"వెళ్ళవేమయ్యా?" అంది భార్య లింగమ్మ.

"ఎన్నేళ్ళో చెప్పాలట. చూడని నేలకి జాతకం ఎలా చెప్పను?"

"అందరూ చెబుతున్నారుగా. నీ నోరేమన్నా సున్నం తిని పొక్కిందా?"

"అంకె చెప్పడం తేలికే. తర్వాత దాని పక్కన నిలబడడమే కష్టం."

ముందుగా సుందరేశమనే మేస్త్రి వచ్చాడు. "పాతికేళ్ళు ప్రభూ" అన్నాడు. పాత నేల మీదే సున్నం పరిచి, గుండ్రాయితో రుద్ది, మూడు రోజుల్లో ముగించాడు. అందులో ముఖం చూసుకోవచ్చు. తొలకరి వానలు పడ్డాయి. కింది నించి చెమ్మ ఎక్కి, గచ్చు అప్పడంలా ఉబ్బి పగిలింది. సుందరేశం తాపీ పోయింది.

తర్వాత వీరబాహుడు వచ్చాడు. "అది పలచన కాబట్టి పోయింది. నేను జానెడు మందం వేస్తాను. నూరేళ్ళు" అన్నాడు. వేశాడు. ఆరు నెలలు తిరక్కుండానే అది చక్రాల కింద అట్టు పెనం మీంచి లేచినట్టు పెచ్చులు పెచ్చులుగా లేచింది. వీరబాహుడి తాపీ కూడా పోయింది.

ఇక ఎవరూ ముందుకు రాలేదు. రాజు కంబయ్యకి కబురంపాడు. వెళ్ళక తప్పలేదు.

"నువ్వెన్నేళ్ళంటావు?"

"తెలీదు ప్రభూ."

సభలో నవ్వులు వినిపించాయి.

"తెలియనివాడివి పనెలా చేస్తావు?"

"ముందు నేలని అడుగుతాను. అది చెప్పాక చేస్తాను."

రాజు గెడ్డం నిమురుకున్నాడు. "సరే, అడుగు. కానీ దండోరా దండోరాయే. గచ్చు చెడితే నీ తాపీ కూడా నాదే."

కంబయ్య శాలకి వెళ్ళాడు. లేచిపోయిన పెచ్చులన్నీ ఊడ్పించి చెంబుడు నీళ్ళు చల్లాడు. నీళ్ళు ఇంకలేదు. తామరాకు మీద బొట్లలా నిలిచాయి. ఏళ్ళ తరబడి ఇరుసుల నించి కారిన ఆముదం కందెన ఆ నేల తాగి ఉంది.

ఒక ఇత్తడి గిన్నె బోర్లించి, అంచు చుట్టూ బంకమట్టి మెత్తి ఇంటికి పోయాడు. పొద్దున్నే వచ్చి ఎత్తి చూస్తే గిన్నె లోపలంతా నీటి చుక్కలు. ఆ చెమ్మ ఎక్కడిదా అని వెతికితే, వెనక గోడ అవతల గుర్రాల నీళ్ళ తొట్టి కారుతోంది.

అప్పుడు పని మొదలైంది. తొట్టిని దూరం జరిపించాడు. గోడ వెంట కాలవ తవ్వించాడు. కందెన పట్టిన పొరంతా చెక్కించి, మరిగే బూడిద నీళ్ళతో కడిగించాడు. అడుగున బయటపడ్డ రాళ్ళకి, సున్నం పట్టుకునేలా ఉలితో గంట్లు కొట్టించాడు. నెల దాటినా ఒక్క తాపీడు సున్నం పడలేదు.

"ముసలాయన గచ్చు చేస్తున్నాడా, బావి తవ్వుతున్నాడా?" అని జనం ఎగతాళి చేశారు. కంబయ్య పట్టించుకోలేదు. మళ్ళీ గిన్నె బోర్లించి, అది పొడిగా లేచిన నాడు గచ్చు వేశాడు.

"నలభై రోజులు చక్రం పెట్టకూడదు" అన్నాడు.

ఇరవై అయిదో రోజున రథాల అధికారి భద్రసేనుడు ఏడు రథాలూ తోలించుకు వచ్చాడు. కంబయ్య గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

"లే ముసలాయనా. రేపు రాజుగారి బావగారొస్తున్నారు. రథాలు లోపల వరసగా నిలబెట్టాలి."

"ఇంకో పదిహేను రోజులు దొరా."

"తొక్కి చూడు. రాయిలా ఉంది."

"కాలికి రాయే. చక్రానికి ఇంకా పెరుగే."

"లేవనంటే?"

"నా మీదుగా తోలించండి. చక్రాలకి కందెన బాగానే ఉందిగా, సాఫీగా పోతాయి."

మాట రాజు దాకా పోయింది. రాజే వచ్చాడు.

"కంబయ్యా, ఎన్నేళ్ళో నువ్వింతవరకూ చెప్పలేదు. ఏ మాట నమ్మి నా రథాలు ఎండలో పెట్టమంటావు?"

"ఇప్పుడు లోపలికి తోలితే ఎన్నాళ్ళుంటుందో చెప్పగలను ప్రభూ."

"ఎన్నాళ్ళు?"

"సందె దీపం పెట్టేదాకా."

ఎవరూ నవ్వలేదు. కంబయ్య నడుముకున్న తాపీ తీసి గడప మీద పెట్టాడు.

"తోలమనే మీ ఆజ్ఞ అయితే ఇది తీసుకోండి. గచ్చు చెడ్డాక ఇవ్వడం కంటే చెడకముందే ఇవ్వడం నాకు నయం."

రాజు తాపీ వంక చూశాడు. దాని పిడి మీద బొటనవేలు ఆనే చోట గుంట పడి ఉంది. ఇది పోతే ఈ ముసలివాడికి ఇక తిండీ లేదు, పేరూ లేదు. అయినా అబద్ధపు అంకె ఒక్కటి చెప్పలేకపోయాడు.

రాజు వంగి తాపీ తీసి అతని చేతికిచ్చాడు. "భద్రసేనా, బయట తాటాకు పందిరి వేయించు" అన్నాడు.

మర్నాడు రాజుగారి బావ వచ్చాడు. "రథాలు పందిట్లో ఉన్నాయేం బావా?"

"లోపల గచ్చు ముదురుతోంది."

"మా శాలలో ఏటేటా వేయిస్తూనే ఉన్నాం. ఆ మేస్త్రిని ఒకసారి మా ఊరు పంపించు."

నలభై ఒకటో రోజున రథాలు లోపలికి వెళ్ళాయి. ఇరుసుల కింద ఇసుక పళ్ళేలు పెట్టించి, కందెన చుక్క నేల మీద పడనివ్వకండని చెప్పి కంబయ్య ఇంటికి పోయాడు. రాజుకి తల నెరిసింది, రథాలు మారాయి, గుర్రాలు మారాయి. గచ్చు మారలేదు. దాని వయసెంతో అడగడం జనం మానేశారు.

పూత ఆయుష్షు పై మెరుపులో ఉండదు. కింది నేలని ఎరిగి, ఆరేదాకా ఆగినవాడి పనే నిలుస్తుంది.