రాజు కుట్టిన విస్తళ్లు

ఒక రాజుకు ఒక్కడే కొడుకు. ఆ పిల్లవాడికి చదువు రావడం లేదు.

ఊరి పిల్లలతో పాటే బడికి వెళ్లేవాడు. ఇంటికొస్తే లెక్కలకొక పండితుడు, వ్యాకరణానికొకడు, రాతకొకడు. అయినా వరసగా రెండు పరీక్షలు తప్పాడు. మూడోదీ తప్పితే కింది తరగతిలో కూర్చోవాలన్నారు గురువుగారు. రాజు కొడుక్కి వేరే నియమం లేదు. ఆ శాసనం రాజు వేయించిందే.

తరగతిలో అందరికంటే ముందుండేది విస్తళ్లు కుట్టే ఆవిడ కూతురు. ఆ ఇంట్లో ఏం జరుగుతోందో చూసి రమ్మని రాజు మంత్రిని పంపాడు.

"ఏమీ లేదు ప్రభూ. తల్లికి అక్షరమ్ముక్క రాదు. పిల్ల చదువుతుంటే పక్కన కూర్చుని ఆకులు కుడుతుంది. మధ్యలో 'అంటే ఏమిటే?' అని అడుగుతుంది. అంతే."

రాజు ఆవిడను పిలిపించాడు. "మా అబ్బాయి పక్కన కూడా వచ్చి కూర్చో. ఏం కావాలన్నా ఇస్తాను."

"కూర్చోడానికేమయ్యా! కానీ బాబు ఎదురుచూసేది నాకోసం కాదు గదా."

"మరెవరి కోసం?"

ఆవిడ రాజు వైపే చూస్తూ నిలబడింది.

మర్నాడు సాయంత్రం రాజే వెళ్లి కొడుకు పక్కన కూర్చున్నాడు. పిల్లవాడు బిగుసుకుపోయాడు. రాజు మాటమాటకీ తప్పు పట్టాడు. మూడోరోజుకి వాడికి వచ్చిన ఎక్కాలు కూడా తడబడ్డాయి. రాజు మళ్లీ ఆవిడకు కబురు పెట్టాడు.

"మీ చేతులు ఖాళీగా ఉన్నాయేమో అయ్యా," అని ఆవిడ ఒక కట్ట మోదుగాకులు, గుప్పెడు పుల్లలు ఇచ్చి వెళ్లింది.

రాజు కుట్టబోయాడు. ఆకు చిరిగింది. ఇంకోటి తీశాడు. అదీ చిరిగింది. పిల్లవాడు ఓరగా చూసి, ఆపుకోలేక నవ్వేశాడు.

"నాన్నగారూ, ఆకు తిరగేసి పట్టుకున్నారు."

"అలాగా!" రాజు ఆకు తిప్పాడు. "నువ్వు చదివేదేమిటి?"

"భిన్నాలు. నాకేం అర్థం కావడం లేదు," అన్నాడు పిల్లవాడు. ఆ మాట అంతవరకూ ఏ పండితుడితోనూ అనలేదు.

"నాకూ అంతంతమాత్రమే. మొదటినుంచి చదువు, విందాం."

ఆనాటినుంచి కొలువు పెందలాడే ముగిసేది. మంత్రులు సణుక్కున్నారు. ఏడాది తిరిగేసరికి రాజు కుట్టిన విస్తట్లో పులుసు పోసినా కారడం లేదు.

మూడో పరీక్ష ఫలితాలు చెప్పే రోజున రాజు బడిలో మిగతా పిల్లల తల్లిదండ్రుల మధ్య నిలబడ్డాడు. ముప్ఫైమందిలో కొడుకు పందొమ్మిదోవాడు. పరీక్ష తప్పలేదు.

"పందొమ్మిదా!" అని మంత్రి గొణిగాడు.

రాజు కొడుకు చెయ్యి పట్టుకుని, "ఏ లెక్క ఏడిపించింది రా?" అని అడిగాడు.

పిల్లవాడు మొదలుపెట్టాడు. వేలితో గాలిలో గీస్తూ, ఎక్కడ చిక్కుకున్నాడో, ఎలా బయటపడ్డాడో చెబుతూ నడిచాడు. రాజు "అంటే?" అంటూ నడిచాడు.

కోటగుమ్మం వచ్చింది. భటులు తలుపులు బార్లా తెరిచి వంగి నిలబడ్డారు. ఇద్దరూ మాట్లాడుకుంటూ, లోపలికి తిరగకుండా గుమ్మం ముందునుంచే దాటిపోయి, వీధివెంట అలాగే ముందుకు వెళ్లిపోయారు.