గాలిని నొప్పించని చెవులు

ఒకప్పుడు ఏనుగు చెవులు తమలపాకులంతే ఉండేవి. అంత కొండలాంటి ఒంటికి అంత బుల్లి చెవులు. ఎండకి ఒళ్లు వేడెక్కితే ఏం చేస్తుంది, వాటినే గబగబా ఆడించుకునేది. టపటపటపటప. కంప్యూటరు లోపలి బుల్లి ఫ్యాను వేడెక్కినకొద్దీ రొద పెంచుతుంది చూడండి, అచ్చం అలాగే.

ఆ వేసవిలో అడవి మొత్తానికి ఒక్క మడుగే మిగిలింది. జంతువులన్నీ అక్కడే చేరాయి. గౌరు అనే ఏనుగు కూడా అప్పుడే పుట్టిన గున్నని వెంటబెట్టుకుని వచ్చింది.

ఒక మధ్యాహ్నం చిరుతపులి దుప్పి పిల్ల దాకా నక్కి నక్కి వచ్చేసింది. గౌరు చెవుల రొదలో దాని అడుగుల చప్పుడు ఎవరికీ వినబడలేదు. కోతి చూసి కేక పెట్టబట్టి పిల్ల బతికిపోయింది.

దుప్పికి ఒళ్లు మండింది. "గౌరమ్మా, నీ మీద నాకు పగ లేదు. చెవులైనా ఆపు, మడుగైనా వదులు."

"మడుగు వదిలితే నా గున్న బతకదు వదినా," అని గౌరు చెవులు ఆపేసింది. కాసేపటికే కళ్లు తేలేసి కూలబడింది. గున్న ఏడుపు అందుకుంది.

"ఆపమన్నావు, ఆపింది. ఇప్పుడు సంతోషమేనా?" అని కోతి నిలదీసింది.

"నా పిల్ల పోతే నువ్వు తెచ్చిస్తావా?"

"తేలేను. నువ్వు దీన్ని లేపగలవా? లేపలేవు. మరి ఇద్దరి పిల్లలూ బతికే దారి చూడాలా, వద్దా?"

దుప్పి ఏడుస్తున్న గున్న వైపు చూసింది. అప్పుడు గాలి నోరు విప్పింది.

"ఆ అరుపు చెవులది కాదు, నాది. ఇంత బుల్లి చెవులతో అంత గబగబా కొడితే నాకు నొప్పెట్టదూ? చేటంత చెవులతో మెల్లగా తోస్తే, కిక్కురుమనకుండా పోయి ఒళ్లంతా చల్లబరుస్తాను."

"చేటంత చెవులు ఎక్కడ దొరుకుతాయి?" అంది దుప్పి.

"ఉన్నవే సాగదీద్దాం," అంది కోతి. "ఈ గోల వద్దనుకునేవాళ్లంతా వచ్చి ఓ చెయ్యి వెయ్యండి."

దుప్పే ముందుకొచ్చి ఒక చెవి కొస పళ్లతో పట్టుకుంది. రెండో చెవికి కోతులు వేలాడాయి. కుందేళ్లు, అడవిపందులు తలో పక్క లాగాయి.

"మెల్లగా తల్లీ. చెవులవి, తీగలు కాదు," అని గౌరు మూలిగింది.

"మాట్లాడుతోంది, బతికే ఉంది. లాగండర్రా," అంది కోతి.

చెవులు సాగాయి, పల్చబడ్డాయి, లోపలి నరాలు కూడా కనబడేటంతగా. గౌరు ఓపిక తెచ్చుకుని ఒక్కసారి ఊపింది. చప్పుడు లేదు. గాలి ఒళ్లంతా నిమిరి వెళ్లింది. ఇంకోసారి ఊపింది. లేచి నిలబడింది. గున్న పరుగున వచ్చి పాలకి తగులుకుంది.

దుప్పి చెవులు రిక్కించింది. మడుగు అవతల ఎండుటాకు రాలితే, అది కూడా వినబడింది.

"ఇక ఇక్కడే ఉండు వదినా," అంది.

అప్పటినుంచే ఏనుగులకి అంత పెద్ద, పల్చటి చెవులు. ఎంత ఎండ మండినా అవి కంగారు పడవు. మెల్లగా, తీరిగ్గా ఊగుతాయి.